రిజల్టు రాకముందే కుట్టిన తెల్లకోటు

పోయిన ఆదివారం మా మేనల్లుడి, అంటే మా తమ్ముడి కొడుకు, కూతురి పుట్టినరోజు. మట్టెవాడలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక్క సందే అడ్డం కాబట్టి, మోకాళ్లు మొరాయిస్తున్నా గోడ పట్టుకుని నేనూ వెళ్లాను. ముందుగదిలో బల్ల మీద పెద్ద కేకు పెట్టి ఉంది. తెల్లటి క్రీముతో డాక్టరు కోటు, దానికో జేబు, జేబులో పెన్ను, మెడ చుట్టూ నల్లటి స్టెతస్కోపు, వీటన్నిటి కిందా అమ్మాయి పేరు, పేరుకు ముందు డాక్టర్ అన్న మాట. అమ్మాయి ఇంకా ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఎంట్రన్సు పరీక్షకు ఇంకా నెలల టైముంది. ఇదంతా తెలిసినవాళ్లే చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

అమ్మాయి కత్తి తీసుకుని కేకు నడుమ పెట్టబోయేసరికి వాళ్లమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపింది. డాక్టర్ అన్న మాట మీద కత్తి పడితే మంచిది కాదట. పక్కనుంచి కొయ్యమన్నారు. అట్లా అంచులన్నీ కోసి అందరికీ పంచి, చివరికి ఆ మాట ఉన్న నడిమి ముక్కను డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచారు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఉద్యోగమున్నన్నాళ్లూ సర్కారు జూనియర్ కాలేజీల్లో జువాలజీ చెప్పినదాన్ని, ఇలాంటి ఇళ్లను ఎన్నో చూశాను. అయినా సొంత ఇంట్లో చూస్తే వచ్చే చిరాకు వేరు.

మేనల్లుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సీటంటే ఏదో ఒక సీటు కాదట. ఢిల్లీలో, దేశంలోకెల్లా పెద్దదని చెప్పుకునే ఆ మెడికల్ కాలేజీలోనే కావాలట. "వస్తే గక్కన్నే రావాలె ఫుప్పు. వేరే కాలేజీ పేరు మా ఇంట్ల ఎవ్వరు ఎత్తద్దని చెప్పిన" అన్నాడు, మేనత్తను గనక నన్ను వాడు ఫుప్పు అంటాడు. పోయిన టెస్టులో పిల్లకు ఎన్ని మార్కులు వచ్చాయిరా అని నేను అడిగాను. అడిగింది అంతే. కోడలు నా చేతిలో సగం తిన్న ప్లేటు అందుకుని లోపలికి వెళ్లిపోయింది. వాడు మొహం చిన్నబుచ్చుకుని, పుట్టినరోజు పూట నెగెటివ్ మాటలు వద్దన్నాడు. ఈ నెగెటివ్ అనే మాటను ఎవరు తెచ్చి మన ఇళ్లలో పడేశారో కానీ, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ల నోరు మూయించడానికి దీనంత వీలైన మాట ఇంకోటి లేదు.

ఇంటికి వచ్చాక కూడా నా విసుగు తగ్గలేదు. నా ఈడువాళ్లయితే అర్థం చేసుకుంటారని ఇదంతా రాస్తున్నాను. ఎందుకంటే ఆ కోటును నేను చూడడం ఇది మొదటిసారి కాదు. చిన్నప్పుడు చూసినది క్రీముతో చేసింది కాదు, నిజం గుడ్డతో కుట్టింది. దాన్ని కుట్టినవాడు మా నాన్న.

నాన్న తొర్రూరులో దర్జీ. బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల రేకుల కప్పు కింద ఆయన దుకాణం ఉండేది. రెండు కుట్టు మిషన్లు, బొగ్గుల ఇస్త్రీ పెట్టె, గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, ముందువైపు వాసానికి వరసగా కొక్కాలు. తయారైన బట్టలు రోడ్డున పోయేవాళ్లకు కనబడేట్టు ఆ కొక్కాలకు తగిలించడం దర్జీలందరికీ ఉన్న అలవాటే. పత్తి అమ్ముడుపోయే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఇంటిల్లిపాదికీ గుడ్డ తీసుకుని వచ్చి నాన్న ముందు కుప్ప పోసేవాళ్లు. పిల్లల లాగులూ అంగీలూ కుట్టేటప్పుడు నాన్న లోపలివైపు కొంత గుడ్డ మడిచి వదిలేవాడు, పిల్లలు పెరిగినప్పుడు కుట్లు విప్పి సాగదీసుకోవచ్చని. మీ ఇళ్లలోనూ అంతే కదా, ఏడాదికోసారి అంచు విప్పినప్పుడల్లా పాత మడత ఉన్నచోట రంగు వెలవకుండా ఒక గీత తేలేది, ఎన్ని గీతలుంటే లాగు అంత పాతదని మేము లెక్కగట్టి ఒకరినొకరం ఏడిపించుకునేవాళ్లం. ఇప్పటి రెడీమేడ్ బట్టలు విప్పి చూస్తే లోపల దారం తప్ప ఏమీ ఉండదు. అది వేరే సంగతి.

మా పెద్దన్న డాక్టరు కావాలని మా ఇంట్లో ఎవరూ కూర్చుని ఆలోచించి నిర్ణయించలేదు. ఊళ్లోని సర్కారు దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరొకాయన ఒకరోజు ప్యాంటు కొలతలు ఇవ్వడానికి వచ్చాడు. అప్పుడు చిన్నవాడైన మా అన్న, నాన్న చెప్పిన కొలతలను ఇంగ్లీషు అంకెల్లో టకటకా గుడ్డ మీద సుద్దతో రాశాడు. డాక్టరు ముచ్చటపడి, పిల్లవాడు హుషారుగా ఉన్నాడు, డాక్టరీ చదివించమని వాడి బుగ్గ గిల్లి వెళ్లిపోయాడు. ఆయన ఆ మాట తన జీవితంలో ఎంతమంది పిల్లలతో అని ఉంటాడో. కుట్టిన ప్యాంటు తీసుకుపోయేనాటికే మరిచిపోయి కూడా ఉంటాడు. నాన్న మరవలేదు. ఆ సాయంత్రం నుంచీ మా అన్న పేరు ఇంట్లో డాక్టర్ సాబ్ అయింది, వారం తిరిగేసరికి బజార్లోనూ అదే అయింది.

పిల్లలకు ముద్దుపేర్లు ఉంటాయి, అందులో తప్పేముందని మీరనవచ్చు. ముద్దుపేరయితే పెద్దయ్యాక రాలిపోతుంది. ఇది రాలిపోయే పేరు కాదు. అన్న పాల కోసం గిన్నె పట్టుకుని వెళితే, డాక్టర్ సాబ్ పోతాండు జరగండ్రని హోటలు ముందు కూర్చున్నవాళ్లు సరదాకు దారి ఇచ్చేవాళ్లు. నాన్న వాడిని సూది ముట్టనిచ్చేవాడు కాదు, వేలికి గుచ్చుకుంటే రేపు ఆపరేషన్లు ఎట్లా చేస్తాడని. ఆ సూదులన్నీ నాకూ మా తమ్ముడికీ వచ్చాయి. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేయడం అన్నీ మేమే చేశాం. రొట్టెల్లో మెత్తనిది అన్నకు, దీపం దగ్గరి చోటు అన్నకు. నాకు అప్పట్లో వాడంటే కుళ్లుగానే ఉండేది, వాడి మెడకు ఏం చుట్టుకుంటోందో తెలియక.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, మా డాక్టర్ సాబ్‌కు నెత్తురు చూస్తే కళ్లు తిరిగేవి. బక్రీదు వచ్చిందంటే ఖుర్బానీ వేళకు వాడు ఇంట్లో ఉండేవాడు కాదు. మా పక్కింట్లో ఒక రైతు ఉండేవాడు, మేము కాక అని పిలిచేవాళ్లం. ఆయన చేనే వాడి దాపు. పండుగనాడనే ఏముంది, బడి లేదంటే చాలు వాడు కాక వెంట పత్తి చేలో ఉండేవాడు. ఆకు తిప్పి వెనక ఏ గుడ్లు పెట్టి ఉన్నాయో చూడడం, కాయ తొలిచే పురుగును అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చి అది ఎన్నాళ్లకు రెక్కలు మొలిపించుకుంటుందో కనిపెట్టడం, ఏ మడికి నీళ్లు ఎక్కువయ్యాయో ఆకు రంగు చూసి చెప్పడం, ఇదీ వాడి లోకం. అమ్మ ఆ అగ్గిపెట్టెలను విసిరిపారేసేది. ఆ పిల్లవాడికి ఏం ఇష్టమో కళ్ల ముందే ఉంది, చూడడానికే ఎవరూ సిద్ధంగా లేరు.

ఇంటర్ చదవడానికి అన్నను వరంగల్లు పంపారు. ఇదే మట్టెవాడలో మా ఖాలా, అంటే అమ్మ చెల్లెలు, ఇంట్లో ఉండి చదివాడు. బాగానే చదివేవాడు. ఆ బాగానే అన్న మాటను నేను కావాలనే రాస్తున్నాను. క్లాసులో మొదటివాడు కాదు, చివరివాడూ కాదు, చెప్పింది అర్థం చేసుకుని నెమ్మదిగా రాసేరకం. మెడికల్ సీట్లు అప్పట్లో ఇప్పటికంటే ఎంతో తక్కువ. జిల్లా నలుమూలల నుంచి తెలివైన పిల్లలంతా ఆ గుప్పెడు సీట్ల కోసమే వచ్చేవాళ్లు. బాగానే చదవడం అక్కడ సరిపోదు.

ఈ సంగతి మా నాన్నకు చెప్పినవాడు ఒక్కడే ఒక్కడు, అన్నకు బోటనీ చెప్పే సారు. ఆయన అత్తగారి ఊరు పాలకుర్తి దగ్గర కావడంతో అటు వెళ్లినప్పుడల్లా తొర్రూరులో దిగి నాన్న దగ్గర బట్టలు కుట్టించుకునేవాడు. ఒకసారి నాన్న ఆయన నడుముకు టేపు చుట్టి కొలుస్తుండగా సారు మెల్లగా మొదలుపెట్టాడు. "మీ పిలగాడు మంచిగ చదువుతడు, నేను కాదంటలేను. కని గక్కడ రాసేటోళ్లు వేలమంది, తీసుకునేది జరంత మందినే. ఇంకో రెండు దిక్కుల గూడ అప్లికేషన్ పెట్టిచ్చుండ్రి." నాన్న తల ఊపాడు. సారు అటు బస్సెక్కగానే ఇంటికి వచ్చి, ఆ మనిషి దిష్టి మంచిది కాదని అమ్మ చేత ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయించాడు. ఆ తర్వాత సారు ప్యాంటు ఎంత బిగుతుగా వచ్చిందంటే, పాపం ఆయన దాంతో కుర్చీలో కూర్చోలేకపోయాడు. పొరపాటున అట్లా అయిందని నాన్న అన్నాడు. ఊళ్లో ఎవరికీ బిగుతుగా కుట్టని మనిషికి ఆ ఒక్కసారే పొరపాటు ఎట్లా జరిగిందో నేను ఎన్నడూ అడగలేదు. సారు మాత్రం మనసులో పెట్టుకోలేదు. అన్నను కూర్చోబెట్టి హైదరాబాదులోని వ్యవసాయ కాలేజీకి తనే దరఖాస్తు పెట్టించాడు.

నాన్నను తప్పుపట్టడం లేదని ఇక్కడ రాయాలి, పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు అది మర్యాద. కానీ నేను తప్పు పడుతున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా పడుతున్నాను.

పరీక్ష అయిపోయింది, ఫలితాలు ఇంకా రాలేదు. ఆ ఎండాకాలంలో నాన్న పని మీద వరంగల్లు వెళ్లి మేలురకం తెల్లగుడ్డ కొనుక్కొచ్చాడు. అన్నను దుకాణంలో నిలబెట్టి భుజాలు కొలుస్తుంటే వాడికి సంగతి అర్థమై, రిజల్ట్ ఇంకా రాలేదు కదా అబ్బా, వచ్చాక చూద్దామన్నాడు, నాన్నను మేము అబ్బా అనే పిలిచేవాళ్లం. నాన్న నవ్వి అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "పెండ్లి బట్టలు పెండ్లికి ముందుగాల కుడతమా, అయినంక కుడతమా?" దర్జీ బుర్రకు అది తిరుగులేని లెక్క. ఊళ్లో ప్రతి పెళ్లికొడుకు బట్టా ఆయన చేతిమీదుగా నిఖాకు ముందే తయారయ్యేది, బట్ట తయారైందంటే పెళ్లి జరిగి తీరేది. ఆయన అనుభవంలో బట్ట ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అందుకని కోటు కుట్టాడు. కాలరుకూ జేబులకూ ఆయన పడ్డ శ్రమ ఏ పెళ్లికొడుకు బట్టకూ పడలేదు. పిల్లల లాగుల్లో పెరుగుదలకని అంతంత గుడ్డ వదిలే మనిషి సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఒక్క ఇంచి కూడా వదల్లేదు.

కుట్టిన కోటును ఊరికే పెట్టెలో పెట్టినా బాగుండేది. అలవాటు ప్రకారం తీసుకెళ్లి ముందు కొక్కానికి తగిలించాడు, దుమ్ము పడకుండా భుజాల మీద పలచటి కాగితం కప్పి. మా ఊళ్లో బస్సు దిగిన ప్రతివాడూ ఆ కోటు చూశాడు. పత్తి బండ్లు ఆపి మరీ అడిగారు. ఎవరిదని అడిగినవాళ్లందరికీ నాన్న మిషన్ ఆపి చెప్పేవాడు. పక్కింటి కాక పెళ్లాం, మా డాక్టర్ సాబ్‌కు సీటు వస్తే పాలకుర్తి గుట్టకు నడిచొస్తానని మొక్కుకుంది. అమ్మ దర్గాలో దారం కట్టింది. ఇంతమంది కలిసి ప్రేమతో ఒక పిల్లవాడిని ఎట్లా ఊపిరాడకుండా చేయవచ్చో నేను అక్కడే చూశాను.

ఫలితాలు వచ్చాయి. మెడికల్ సీటుకు అన్న ర్యాంకు ఆమడ దూరంలో ఉంది. అయితే కొద్దిరోజులకే వ్యవసాయ కాలేజీ నుంచి సీటు ఖాయమైనట్టు, చెప్పిన గడువులోగా వచ్చి చేరమని కబురు వచ్చింది. ఆ రోజు అన్న మొహం నాకు బాగా గుర్తు. పరీక్ష పోయిందన్న బాధలోంచి ఆ మొహం మెల్లగా విచ్చుకుంది. వాడికి కావలసింది వాడి చేతికే వచ్చింది, పైగా అది చిన్న చదువేం కాదు, దానికీ ఎంతోమంది పోటీపడ్డారు. ఇక కావలసింది నాన్న సరేననడం ఒక్కటే.

నాన్న అనలేదు. అన్న నాన్న మిషన్ పక్కన నిలబడి, "నాకిది మంచిగనే ఉన్నది అబ్బా, నేను పోత" అన్నాడు. వాడు నోరు తెరిచి తనకోసం ఏదైనా అడగడం నేను చూసింది అదే మొదలు. నాన్న వాడి వైపు చూడకుండా దారం కొరికి, "ఎరువుల దుకాణంల కూసునేటందుకా నిన్ను గింత చదివిచ్చింది? అందరు డాక్టర్ సాబ్ అనవట్టిరి, రేపు వాళ్లకు ఏమని చెప్పాలె?" అన్నాడు. కాక కూడా వచ్చి నచ్చజెప్పి చూశాడు. "పోనియ్యరాదు సాబ్. పిలగాడు చెట్టు జూసి రోగం చెప్తాండు, గది డాక్టరీ కాదా?" అన్నాడు. నాన్న మిషన్ తొక్కుతూనే ఉన్నాడు. కోటును ఊరంతా చూసింది కదా. ఇప్పుడు దాన్ని కొక్కెం మీదనుంచి తీస్తే బజారు మొత్తానికి తలా ఒక జవాబు చెప్పుకోవాలి, తీయకుండా ఉంచితే మాత్రం ఇంకో ఏడాది ఆగమని చెబితే చాలు. ఆ ఒక్క సుఖం కోసం గడువు దాటిపోనిచ్చారు. అన్న సీటు ఇంకెవరికో వెళ్లిపోయింది.

ఇంకో ఏడాది వాడు ఇంట్లోనే ఉండి చదివాడు. చదివాడని అనడమే కానీ పుస్తకం ముందు కూర్చున్నాడంతే. చేను వైపు వెళ్లడం మానేశాడు. కోటు ఎండకు పసుపు పచ్చబడుతుంటే అమ్మ అప్పుడప్పుడూ దించి ఉతికి, నీలిమందు పెట్టి మళ్లీ తగిలించేది. దేవుడి దయవల్ల ఆమెకు ఆ పని చేస్తున్నప్పుడు కన్నీళ్లు వచ్చేవి కావు, నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. రెండోసారి పరీక్ష మొదటిసారి కంటే పాడుగా రాశాడు, ఈసారి వ్యవసాయ సీటుకు చాలినన్ని మార్కులు కూడా రాలేదు. ఊళ్లో డాక్టర్ సాబ్ అన్న పిలుపులో చిన్న నవ్వు కలవడం మొదలైంది. పిల్లలకు తెలియకుండా ఉంటుందా, మాకు తెలిసేది.

మూడోసారి పరీక్షకని పొద్దున్నే బస్సెక్కి వెళ్లాడు. సాయంత్రం తిరిగివచ్చి, దుకాణంలో గిరాకీలు లేనివేళ చూసి, నాన్న ముందు నిలబడి తను పరీక్ష రాయలేదని చెప్పాడు. దారిలో ఏదో ఊళ్లో దిగిపోయి, పగలంతా ఒక తెలియని రైతు చేను గట్టున కూర్చున్నాడట. "నాతోని కాదు అబ్బా. మీకు చెప్పకుంట ఉండుడు గూడ నాతోని కాదు" అన్నాడు. కొడతాడేమోనని మేము లోపలినుంచి చూస్తున్నాం. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి అట్లాగే కూర్చున్నాడు. ఆ వారంలోనే కొక్కెం ఖాళీ అయింది. గుడ్డ వృథా చేయడం ఆయన ఒంట్లో లేదు కాబట్టి, కోటు కుట్లన్నీ విప్పి మా తమ్ముడికి బడికి వేసుకుపోవడానికి తెల్ల అంగీలు కుట్టాడు. తమ్ముడు వాటిని చిరిగేదాకా తొడిగాడు. ఆ కోటు గురించి మా ఇంట్లో మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

నా సంగతి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. నాకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. ఏం చదువుతావని అడిగినవాళ్లు లేరు, ఏదైనా చదివితే వద్దన్నవాళ్లూ లేరు. అప్పటికి ఊళ్లో కొత్తగా వచ్చిన కాలేజీలో దొరికిన గ్రూపు తీసుకున్నాను, తర్వాత వరంగల్లులో దొరికిన డిగ్రీ చేశాను, దానివల్ల దొరికిన ఉద్యోగం చేశాను. పట్టించుకోకపోవడం పెద్ద అదృష్టమని నేను అనను, అది కూడా మంచిది కాదు. కానీ లెక్చరరునయ్యాక నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు ఒక్కటే చెప్పేదాన్ని. పెద్ద కాలేజీకి రాయించండి, తప్పకుండా రాయించండి, పిల్లకు ఆశ ఉంటే ఎందుకు మానాలి. దానితోపాటు పిల్లకు ఇష్టమైనవి ఇంకో రెండు మూడు చోట్లకు కూడా అంతే మర్యాదగా రాయించండి, అవి వచ్చినా పండుగ చేస్తామని ఇప్పుడే పిల్ల వినేట్టు చెప్పండి. ఇదేమంత గడ్డు మాట? విన్న తండ్రులు కొందరు మొహం తిప్పుకుని పిల్లలను ప్రైవేటు కాలేజీలకు మార్చేవాళ్లు, అక్కడయితే గేటు దగ్గరే సీటు ఖాయమని చెప్పి చేర్చుకుంటారు కదా.

అన్న చివరికి ఏం చేశాడో చెప్పాలి. తొర్రూరు మార్కెట్లో ఎరువులూ పురుగుమందులూ అమ్మే దుకాణంలో గుమాస్తాగా చేరాడు. నాన్న ఏది వద్దన్నాడో సరిగ్గా అదే, కాకపోతే చదువు లేకుండా. అదే ఆ వ్యవసాయ కాలేజీలో చదివి ఉంటే ఆ దుకాణానికి సలహా చెప్పే అధికారిగా జీపులో వచ్చేవాడు. రైతులు ఎండిన ఆకులు పట్టుకుని వచ్చి అడిగితే ఓపికగా చూసి చెప్పేవాడు, వాళ్లు అభిమానంగా డాక్టర్ సాబ్ అనేవాళ్లు. ఆ పిలుపుకు వాడు పలకడని తెలియక, వినబడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా పిలిచేవాళ్లు. ఒకసారి వరంగల్లులో మా బంధువుల పెళ్లిలో ఎవరో పెద్దాయన దూరం నుంచి డాక్టర్ సాబ్ అని కేకేశాడు. వడ్డన వరసలో మా అన్న పక్కనే కూర్చున్న అసలు డాక్టరు తల తిప్పి చూశాడు. మీరు కాదు, ఈయన అని ఆ పెద్దాయన నవ్వుతూ చూపించాడు. మీరెక్కడ ప్రాక్టీసు అని ఆ డాక్టరు మర్యాదగానే అడిగాడు. అన్న విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయాడు. అప్పటికి వాడికి పిల్లలు పెళ్లీడుకొచ్చారు. చిన్నప్పటి ఒక పేరు మనిషిని అంతకాలం వెంటాడుతుందని పేరు పెట్టినవాళ్లకు తెలిస్తే ఎంత బాగుండును.

ఇక మళ్లీ ఇవాళ్టికి వస్తాను. పుట్టినరోజు అయిన తర్వాత రెండురోజులు ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు, నేనూ పట్టించుకోనట్టే ఉన్నాను. నిన్న మధ్యాహ్నం ఆ పిల్లే వచ్చింది, వాళ్లమ్మ పంపిందని గిన్నెలో కూర పట్టుకుని. నానమ్మ వరస కాబట్టి నన్ను దాదీ అంటుంది. గిన్నె వంటింట్లో పెట్టి వెళ్లకుండా వచ్చి నా మంచం మీద కూర్చుంది. నేను ఏమీ అడగలేదు. తనే చెప్పింది, పోయిన టెస్టుల మార్కులు, అంతకుముందువి, ఢిల్లీ కాలేజీలో సీటు రావాలంటే ఎన్ని కావాలో అది. అంత వివరంగా, తొణక్కుండా, వేరే ఎవరి మార్కులో చదువుతున్నట్టు చెప్పింది. "గక్కడైతే రాదు దాదీ. నాకు ఎర్కే" అంది. మరి ఏం చేయాలని ఉందని అడిగితే, పశువుల డాక్టరీ అయినా సరే, ఫిజియోథెరపీ అయినా సరే, ఇక్కడే ఏ కాలేజీలో వచ్చినా తనకు సంతోషమేనంది. తనకు నిజంగానే సంతోషమే. ఆ పిల్ల దగ్గర ఆశా ఉంది, లెక్కా ఉంది, రెండూ చక్కగా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని ఉంది. నేను ఇన్నేళ్లు తండ్రులకు మొత్తుకున్నదంతా పదిహేడేళ్ల పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఈ మాటే మీ నాన్నకు చెప్పరాదూ అన్నాను. తల అడ్డంగా ఊపింది. "అబ్బా అందరికి చెప్పిండు. రిజల్ట్ వచ్చిననాడు నువ్వు మా ఇంట్లనే ఉండు దాదీ. నువ్వే చెప్పు ఆయనకు" అంది. సరేనన్నాను. ఇంకేమంటాను. లేచి దుపట్టా సర్దుకుని, సాయంత్రం క్లాసుందని వెళ్లిపోయింది. సందులో ఎవరో డాక్టరమ్మా అని పిలవడం నాకు వినబడింది, దానికి ఆ పిల్ల నవ్వుతూ పలకడం కూడా వినబడింది.

మా నాన్నకు ఎంతమంది రాస్తారో ఎందరికి వస్తుందో చెప్పినవాడు లోకంలో ఒకే ఒక్క సారు, అదీ ప్యాంటు కొలత ఇస్తూ. ఇప్పుడు ఆ లెక్క ప్రతి ఇంట్లో ప్రతి ఫోనులోనూ ఉంది, మా మేనల్లుడి ఫోనులోనూ ఉంది, చూడాలనుకుంటే చాలు. అప్పుడు పెద్దలకూ తెలియదు, పిల్లలకూ తెలియదు, ఇంటిల్లిపాదీ కలిసి ఆశపడి కలిసి కుంగిపోయాం. ఇప్పుడు పిల్లకు తెలుసు, తెలిసి కూడా తండ్రి సంతోషం చెడకుండా రోజూ తెలియనట్టు పుస్తకం తెరుచుకుని కూర్చుంటోంది. మా అన్న ఆ సాయంత్రం నాన్న ముందు నిలబడి తన మాట తనే చెప్పుకోగలిగాడు. ఈ పిల్ల పరీక్ష రాయకముందే, ఆ మాట తన తరఫున చెప్పి పెట్టే మనిషిని వెతుక్కుంటోంది.